తారలెందరున్నా తేలిపోయిన ‘గ్యాంగ్‌స్టర్ స్క్వాడ్’

పాత నేర కథా చిత్రాలను కలిసి చూసి చర్చించుకునే మా హనుమకొండ మిత్రబృందం ఈసారి ఎంతో ఆశతో ఎంచుకున్నది, రూబెన్ ఫ్లైషర్ దర్శకత్వంలో 2013లో విడుదలైన ‘గ్యాంగ్‌స్టర్ స్క్వాడ్’. షాన్ పెన్, జాష్ బ్రోలిన్, రయాన్ గాస్లింగ్, ఎమ్మా స్టోన్, నిక్ నోల్టీ వంటి నటులందరినీ ఒకచోట చేర్చి కూడా, వారిలో ఒక్కరికైనా గుర్తుండిపోయే సన్నివేశం రాయకపోవడం నన్ను నిజంగా బాధించింది.

1949 నాటి లాస్ ఏంజెలిస్‌ను గుప్పిట్లో పెట్టుకున్న ముఠా నాయకుడు మికీ కోహెన్‌ను దెబ్బతీయడానికి పోలీసు అధిపతి ఒక రహస్య దళాన్ని ఏర్పాటు చేయడమే కథ. ఆనాటి దుస్తులు, కార్లు, దీపకాంతులు కన్నులపండువగా ఉన్నాయి. అయితే కోహెన్‌గా పెన్ దట్టమైన మేకప్ మాటున మొదటి నుంచి చివరి వరకు అరుస్తూనే ఉండడం వల్ల, ఆ పాత్రపై భయం గానీ ఆసక్తి గానీ కలగదు. నిజజీవితంలో కోహెన్ 1951లో పన్ను ఎగవేత కేసులో జైలుకు వెళ్లాడు. లెక్కల పుస్తకాలతో ఒక నేర సామ్రాజ్యం కూలిన ఆ వాస్తవంలోని నాటకీయతను వదిలేసి, దర్శకుడు కథను ముష్టియుద్ధంతో ముగించాడు.

2012 జూలైలో అమెరికాలోని అరోరా నగర సినిమా హాలులో కాల్పులు జరిగాక, ఈ చిత్రంలోని థియేటర్ కాల్పుల ఘట్టాన్ని తొలగించి, దాని స్థానంలో చైనాటౌన్ ఘట్టాన్ని చిత్రీకరించారు. ఆ నిర్ణయం ముమ్మాటికీ సరైనదే. గాస్లింగ్, స్టోన్‌ల ప్రేమకథకు మాత్రం మరికొంత నిడివి ఇచ్చి ఉండవలసింది.