వంకాయకి భయపడ్డాం, నూనెని పట్టించుకోలేదు

బీటీ వంకాయ, బీటీ పత్తి గింజల నూనె. రెండిటి వెనకా ఉన్నది బీటీ అనే మట్టి బ్యాక్టీరియా నుంచి తెచ్చి మొక్కలో పెట్టిన క్రై1ఏసీ జన్యువే, అది తయారుచేసే ప్రొటీన్ పురుగుని చంపుతుంది. వంకాయకు 2009 అక్టోబరులో జన్యుమార్పిడి పంటల్ని పరిశీలించే కేంద్ర కమిటీ జీఈఏసీ ఓకే చెప్పగానే గొడవ మొదలైంది, అప్పటి కేంద్ర మంత్రి జైరాం రమేష్ హైదరాబాద్‌తో సహా ఏడు నగరాల్లో జనం మాట విని 2010 ఫిబ్రవరిలో దాన్ని ఆపేశారు. పక్కనున్న బంగ్లాదేశ్‌లో మాత్రం 2014 నుంచి రైతులు పండిస్తున్నారు.

బీటీ పత్తికి 2002లోనే అనుమతి వచ్చింది. దాని గింజల నూనె వనస్పతిలోకీ, వంటనూనెల్లోకీ వెళ్తున్నా ఎవరూ టెన్షన్ పడలేదు. ఎందుకంటే గుత్తి వంకాయకి కాయని చేతిలో పట్టుకుని, నాలుగు పక్షాలుగా చీల్చి, లోపల పుచ్చు ఉందేమోనని వెలుతురులో పెట్టి మరీ చూస్తాం, నూనెలో అలా చూడ్డానికి ఏముంటుంది? పైగా పత్తి అంటే మనకి బట్టే గుర్తొస్తుంది.

అయినా జనానిది ఉత్త అమాయకత్వం అంటే నేనొప్పుకోను. రిఫైన్డ్ నూనెలో ఆ ప్రొటీన్ దాదాపు మిగలదు, వంకాయలో అయితే కాయతో పాటే తింటాం, కాబట్టి దాని మీద ఎక్కువ ప్రశ్నలు రావడం న్యాయమే. నూనె తినడానికి నాకైతే భయం లేదు. కానీ ఆ పత్తి బీటీదని ముందే చెప్పి, కొనాలా వద్దా అన్నది మనకి వదిలేయాల్సింది.