రోగనిరోధక జన్యువుల నివేదిక: ఉమ్మి పంపితే ఎర్ర ముల్లు వచ్చింది

మా అబ్బాయి పట్టుబట్టి నాకూ మా ఆవిడకూ ఒక జన్యు పరీక్ష కిట్టు తెప్పించాడు. వైరస్ వ్యాధులు ఎవరికి తేలికగా సోకుతాయో, సోకితే ఎవరిలో ముదురుతాయో రోగనిరోధక జన్యువులను చూసి చెబుతామన్నది ఆ సంస్థ ప్రకటన. ఇదే మూసలో నివేదికలిచ్చేవారు ఇంకా ఉన్నారు కనుక సంస్థ పేరు రాయకుండా, మా చేతికి వచ్చిన కాగితాల గురించే రాస్తున్నాను.

కిట్టు వరకు వంక పెట్టడానికి లేదు. గొట్టంలో గీత దాకా ఉమ్మి నింపాలి, నురుగు లెక్కలోకి రాదు. మూత బిగించగానే అందులోని ద్రవం కిందికి దిగి కలుస్తుంది. అంతకు అరగంట ముందు నుంచి ఏమీ తినకూడదు, తాగకూడదు. కాఫీ పడందే మాట పెగలని మా ఆవిడకు అసలు పరీక్ష అదే అయింది.

నాలుగో వారంలో వచ్చిన నా నివేదిక మొదటి పేజీలోనే స్కూటరు మీటరులాంటి బొమ్మ, దానిలో ఎరుపు మీద ఆగిన ముల్లు, కింద ‘కోవిడ్ తీవ్రత: అధికం’ అన్న మాట. దీనికి ఆధారం మూడో క్రోమోజోములోని దాదాపు 50 వేల డీఎన్ఏ అక్షరాల పొడవున్న ఒక ముక్క. అది ఏనాడో అంతరించిపోయిన నియాండర్తల్ మానవుల నుంచి మనకు సంక్రమించిందని 2020లో హ్యూగో జెబర్గ్, స్వాంతే పాబో అనే జన్యు శాస్త్రవేత్తలు చూపించారు. ఆ ముక్క ఉన్నవారిలో కోవిడ్ ఆసుపత్రి దాకా వెళ్లే అవకాశం సుమారు 1.6 రెట్లు ఉంటుందన్నదీ నిజమే. అయితే దక్షిణాసియాలో దాదాపు సగం మందిలో ఆ ముక్క కనీసం ఒక ప్రతి (తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటిగా ప్రతి జన్యు భాగానికీ రెండు ప్రతులు వస్తాయి) ఉంటుందని అదే పరిశోధన చెప్పింది. ఐరోపాలో అది 16 శాతమే. ఊళ్లో సగం మందికి ఎరుపు చూపించే మీటరుతో ఏం చేసుకోవాలో నాకు అర్థం కాలేదు. పైగా మన హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీకి చెందిన తంగరాజ్ తదితరులు 2021లో ప్రచురించిన పత్రం, ఈ ముక్క ఎక్కువగా ఉన్న దక్షిణాసియా జనాభాలలో కోవిడ్ కేసులకూ మరణాలకూ దానితో పొంతన కనిపించలేదని తేల్చింది. నివేదికలో దాని ఊసే లేదు.

రుసుములో భాగంగా ఇచ్చిన ఫోను సంప్రదింపు మాత్రం మెచ్చుకోదగినది. ముల్లు సంగతి అడిగితే ఆ అమ్మాయి దాపరికం లేకుండా, “సర్, అది జనంలో కనిపించిన సగటు. మీ విషయంలో మీ వయసు, షుగరు దానికంటే చాలా పెద్దవి” అన్నది. ఆ ఒక్క వాక్యం మొదటి పేజీలో ఉంటే ఫోను చేసే పనే ఉండేది కాదు.

మా ఆవిడ నివేదికలో పచ్చటి పేజీ ఒకటి వచ్చింది: ‘నోరోవైరస్ నుంచి సహజ రక్షణ’. వాంతులు, విరేచనాలు కలిగించే ఈ వైరస్ పేగులోని కణాలను పట్టుకోవడానికి కొన్ని చక్కెర అణువుల ఆసరా కావాలి. ఎఫ్‌యూటీ2 జన్యువు రెండు ప్రతులూ పనిచేయనివారిలో ఆ అణువులు అక్కడ తయారుకావు. అలాంటివారి లాలాజలంలో ఏ, బీ రక్తవర్గ పదార్థాలూ కనిపించవు కాబట్టి, మేం గొట్టంలో నింపిన ఉమ్మిలోనే ఆ తేడా ఉందన్నమాట. ఇంతవరకు చక్కగా రాశారు. కానీ ఈ రక్షణ నోరోవైరస్‌లో బాగా వ్యాపించిన కొన్ని రకాలకే వర్తిస్తుందని, మిగిలినవి వీరికీ సోకవచ్చని రాయలేదు. ఆ పేజీ చూశాక మా ఆవిడ బండి మీద పానీపూరీకి నా అనుమతి అడగడం మానేసింది.

సీసీఆర్5 పేజీ ఇంకా అన్యాయం. ఆ జన్యువులో 32 అక్షరాలు ఎగిరిపోయిన రూపం రెండు ప్రతులూ ఉన్నవారికి హెచ్ఐవీలో ఎక్కువ రకాలు సోకవని 1996లో తెలిసింది. బెర్లిన్ రోగిగా పేరుపడిన టిమోతీ రే బ్రౌన్‌కు హెచ్ఐవీ నయమైంది అలాంటి దాత మూలకణాలతోనే. ఉత్తర ఐరోపాలో తప్ప ఆ రూపం అరుదు, మనవారిలో మరీ అరుదు. అది లేనందుకు మా ఇద్దరికీ ‘రక్షణ లేదు’ అని నారింజ రంగు వేశారు! అదే రూపం రెండు ప్రతులూ ఉన్నవారికి, దోమల ద్వారా వచ్చే వెస్ట్ నైల్ వైరస్ సోకితే జబ్బు ముదిరే ముప్పు ఎక్కువన్న సంగతి ఎక్కడా లేదు.

అసలు చెప్పవలసిన హెచ్ఎల్ఏ జన్యువులకు అర పేజీ దక్కింది. కణంలో దూరిన వైరస్ ముక్కలను పైకి తెచ్చి, వైరస్ సోకిన కణాలను గుర్తించి చంపే టీ కణాలకు చూపించే అణువులు వీటివే. హెచ్ఎల్ఏ-బీ57 ఉన్నవారిలో కొందరు మందులు లేకుండానే హెచ్ఐవీని ఏళ్ల తరబడి అదుపులో ఉంచుకుంటారు. అందులోనే 57:01 రకం ఉన్నవారికి అబకావిర్ అనే హెచ్ఐవీ మందు ప్రమాదకరమైన అలర్జీ తెప్పించవచ్చు కాబట్టి, ఆ మందు మొదలుపెట్టే ముందు వైద్యులు ఈ పరీక్ష చేయిస్తారు. నివేదిక మొత్తంలో వైద్యుడి నిర్ణయాన్ని నేరుగా మార్చగల సమాచారం ఇదొక్కటే అయివుండేది, అదే లేదు. కారణం ఊహించవచ్చు: వీరు దాదాపు 300 కోట్ల అక్షరాలలో ముందే ఎంచుకున్న కొన్ని లక్షల చోట్లను మాత్రమే చదువుతారు. హెచ్ఎల్ఏ రకాన్ని వాటి నుంచి అంచనా కట్టాలంటే పోల్చుకోవడానికి మనలాంటివారి నమూనాలు దండిగా ఉండాలి.

కిట్టుకూ సంప్రదింపుకూ కలిపి ఐదింట రెండు నక్షత్రాలు ఇస్తున్నాను. కొనదలచినవారు నమోదు చేసుకునేటప్పుడు చివరి పేజీ చూడండి; ‘నా జన్యు సమాచారాన్ని పరిశోధనకు వాడుకోవచ్చు’ అన్న గడిలో టిక్కు ముందే పెట్టి ఉంటుంది. మేం గమనించలేదు. తీసివేయమని రెండుసార్లు మెయిలు పెట్టాం, జవాబు ఇంకా రాలేదు.