రిఫర్బిష్డ్ లాప్‌టాప్ కొంటున్నారా? ‘విండోస్ 11 వేసి ఇస్తున్నాం’ అంటే నమ్మకండి

షాపువాళ్లు స్క్రీన్ మీద విండోస్ 11 చూపించినంత మాత్రాన ఆ లాప్‌టాప్‌కి విండోస్ 11 సపోర్ట్ ఉన్నట్టు కాదు. కొనేముందు ఇది గుర్తుపెట్టుకోండి.

మా చెల్లి బీకామ్ కోసం ఒక షాపులో రిఫర్బిష్డ్ (పాతదాన్ని బాగుచేసి అమ్మే) లాప్‌టాప్ తీసుకున్నాం. ఐ5 ప్రాసెసర్, 16 జీబీ ర్యామ్, కొత్త ఎస్‌ఎస్‌డీ. ‘లేటెస్ట్ విండోస్ అన్నా, ఐదేళ్లు ఢోకా లేదు’ అన్నాడు. స్పీడుకి వంక పెట్టలేం, ఇప్పటికీ బాగానే నడుస్తోంది. అప్‌డేట్లే ఆగిపోయాయి. స్టార్ట్ మెనూలో విన్‌వెర్ (winver) అని కొట్టి చూస్తే విండోస్ 11 వెర్షన్ 23హెచ్2. హోమ్, ప్రో వాడేవాళ్లకు ఆ వెర్షన్ గడువు 2025 నవంబర్ 11తోనే అయిపోయింది. తర్వాతి వెర్షన్ దానంతట అది రాదు, ఎందుకంటే ప్రాసెసర్ ఐ5-6300యూ, అంటే ఆరో తరం. ఇంటెల్‌లో దాదాపు ఎనిమిదో తరం నుంచే విండోస్ 11కి సపోర్ట్, టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ చిప్ కూడా ఉండాలి. షాపులో ఆ చెకింగ్‌ని తప్పించి ఇన్‌స్టాల్ చేశారు. మనమూ అలా దొడ్డిదారిన కొత్తది వేసుకోవచ్చు గానీ, ఏటా అదే తంటా. వెళ్లి అడిగితే ‘నడుస్తోంది కదా అన్నా, ఇంకేం ప్రాబ్లం?’ అన్నారు. వారంటీ హార్డ్‌వేర్‌కే కాబట్టి డబ్బు వాపసు రాలేదు.

పాతవాటిని ఎల్లకాలం మోయమని ఏ కంపెనీనీ అడగలేం. ప్రతి పాత మెషీన్ మీదా టెస్టింగ్ చేయాలి, దాని కోసం కొత్త సెక్యూరిటీ ఫీచర్లు ఆపుకోవాలి. విండోస్ 7కి డబ్బు కట్టిన కంపెనీలకు ఇచ్చే అప్‌డేట్లు కూడా 2023 జనవరిలో ఆగాయి. క్రోమ్ కూడా దానికి 109వ వెర్షన్‌తో సరిపెట్టింది. కింద ఓఎస్‌లోని లోపాల్ని సరిచేసేవాళ్లే లేనప్పుడు పైనున్న బ్రౌజర్ ఏం కాపాడుతుంది? ఫైర్‌ఫాక్స్ మాత్రం విండోస్ 7 వాళ్ల కోసం 115 ఈఎస్ఆర్ (ఎక్కువ కాలం సపోర్ట్ ఇచ్చే వెర్షన్) గడువును పొడిగిస్తూ వచ్చింది. ఇంకా ఎంతమంది వాడుతున్నారో చూసి ఆపడమే నా దృష్టిలో సరైన పద్ధతి. 2021 అక్టోబర్‌లో విండోస్ 11 వచ్చేనాటికి ఏడో తరం చిప్‌లు వచ్చి ఐదేళ్లే. వాటినీ దాదాపు అన్నింటినీ పక్కన పెట్టడం తొందరపాటే అనిపిస్తుంది. కానీ ఆ రూల్స్ అందరికీ తెలిసేలానే పెట్టారు. షాపులో తెలిసీ చెప్పలేదు, నా కోపం అక్కడే.

కాబట్టి ర్యామ్ సంగతి తర్వాత, ముందు ప్రాసెసర్ నంబర్ అడగండి. ఐ5-8250యూ అయితే ఎనిమిదో తరం, ఐ5-10210యూ అయితే పదో తరం. ఏఎండీ అయితే మైక్రోసాఫ్ట్ లిస్టులో మోడల్ వెతకాలి. విండోస్ 11కి సపోర్ట్ ఉందో లేదో చెప్పే మైక్రోసాఫ్ట్ పీసీ హెల్త్ చెక్ యాప్‌ని షాపులోనే, మీ కళ్లముందే రన్ చేయించండి. బిల్లు మీద ‘విండోస్ 11 సపోర్టెడ్ ప్రాసెసర్’ అని రాయమనండి. రాయనంటే లేచి వచ్చేయండి.

ఇప్పటికే కొనేసి ఉంటే, విండోస్ బదులు వేసుకునే ఉచిత ఓఎస్ లినక్స్ మింట్ ఒక దారి. మేమూ అదే వేశాం. బ్రౌజర్, ఆన్‌లైన్ క్లాసులు, ప్రాజెక్ట్ టైపింగ్ అన్నీ అయిపోతున్నాయి. ట్యాలీ విండోస్ కోసం చేసిన సాఫ్ట్‌వేర్ కాబట్టి, దాని ప్రాక్టీస్‌కి మాత్రం చెల్లి కాలేజీ ల్యాబ్‌కి వెళ్లాల్సి వస్తోంది.