గంటలు జక్కూరులో, గాలి చదువు కళింగపట్నంలో: ఓ కొత్త మైక్రోలైట్ పైలట్ తిరుగుళ్లు

దేశ పౌర విమానయాన శాఖ రెండుసార్లు మా ఉత్తరాంధ్ర చేతికి వచ్చింది. 2014 నుంచి 2018 దాకా విజయనగరం ఎంపీ అశోక్ గజపతిరాజు గారు, 2024 జూన్ నుంచి శ్రీకాకుళం ఎంపీ రామ్మోహన్ నాయుడు గారు. అయినా ఓ మైక్రోలైట్ అద్దెకు తీసుకుని గంటసేపు ఎగిరొద్దామంటే ఈ రెండు జిల్లాల్లో నాకు చోటు దొరకలేదు.

మైక్రోలైట్ అంటే ఇద్దరు పట్టే బుల్లి విమానం. మనుషులు, పెట్రోలు అన్నీ కలుపుకుని మన దేశంలో 450 కిలోలు మించకూడదు. లైసెన్సు వచ్చాక ఎగిరిన గంటలు పోగేసుకుని లాగ్‌బుక్‌ అనే లెక్కల పుస్తకంలో రాసుకోవాలి. ఇంట్లో కంప్యూటర్ ముందు కూర్చుని ఆడే సిమ్యులేటర్ లాగ్‌బుక్‌లోకి ఎక్కదు, ఇంకొకరు నడుపుతుంటే పక్కన కూర్చుని సెల్ఫీలు తీసుకున్న సమయమూ ఎక్కదు. నేనుండేది విజయనగరం, నేర్చుకున్నదీ, విమానం అద్దెకు తీసుకుని గంటలు కొంటున్నదీ బెంగళూరులోని జక్కూరు ఎయిర్‌ఫీల్డ్‌లో. ఒక ప్రయాణానికీ ఇంకో ప్రయాణానికీ మధ్య నెలలు గడిచిపోతాయి. ఆ ఖాళీలో ఊరుకోకుండా మ్యాపు పట్టుకుని సొంత జిల్లాలు తిరగమని, పైనుంచి చూస్తే ఏది ఎలా కనిపిస్తుందో, గాలి ఎప్పుడు ఎటు తిరుగుతుందో రాసుకోమని మా ఇన్‌స్ట్రక్టర్ గారు చెప్పారు. బండి మా బావమరిదిది. వాడిది నరసన్నపేట.

ముందు భోగాపురం. అల్లూరి సీతారామరాజు విమానాశ్రయానికి రెండుసార్లు శంకుస్థాపన జరిగింది, 2019 ఫిబ్రవరిలో ఒకసారి, 2023 మేలో మరోసారి. రన్‌వే పొడవు 3,800 మీటర్లు. మైక్రోలైట్‌కి అందులో పదోవంతు కూడా అక్కర్లేదు, కాబట్టి చూడగానే నోరూరుతుంది. కానీ అది మనకు పనికొచ్చే చోటు కాదని నా అభిప్రాయం. పెద్ద జెట్ వెళ్లిన తర్వాత దాని రెక్కల కొసల నుంచి పుట్టిన సుడిగాలి గాల్లో కొన్ని నిమిషాల పాటు ఉంటుంది. ఎయిర్‌బస్‌ వెనకాల వచ్చే మరో ఎయిర్‌బస్‌కి అది కుదుపు, 450 కిలోల మైక్రోలైట్‌కి బోర్లాపడే ప్రమాదం. పైగా విశాఖ విమానాశ్రయం నేవీ వాళ్ల ఐఎన్ఎస్ డేగాలో ఉంది, చుట్టుపక్కల ఆకాశమంతా వాళ్ల అదుపులోనే. ఎవరైనా పొలంలో స్ట్రిప్, అంటే చిన్న రన్‌వే, వేసి ఎగురుదామన్నా డీజీసీఏ (పౌర విమానయాన నియంత్రణ సంస్థ), నేవీ అందరి అనుమతులూ కావాలి. ఊరు దాటి వెళ్లే ప్రయాణమైతే ఎటు వెళ్తామో ముందే ఇచ్చే ఫ్లైట్ ప్లాన్, గగనతల రక్షణ వాళ్ల అనుమతికి గుర్తుగా ఎయిర్ డిఫెన్స్ క్లియరెన్స్ నంబరు అదనం. భోగాపురంలో చేసేదేమీ లేక పక్కనే చింతపల్లి బీచ్‌లో కాసేపు కూర్చుని వచ్చేశాం. బీచ్ శుభ్రంగా ఉంది. తినడానికి మాత్రం ఏమీ దొరకలేదు, మంచినీళ్లు కూడా వెంట తీసుకెళ్లండి.

గంట్యాడ మండలం తాటిపూడి రిజర్వాయరు పైలట్ కళ్లతో చూస్తే చాలా నేర్పుతుంది. గోస్తనీ నది మీద కట్టిన డ్యాం, పడమర వైపు తూర్పు కనుమలు గోడలా. నైరుతి రుతుపవనాల రోజుల్లో గాలి పడమటి నుంచి కొండల మీదుగా దిగుతుంది. కొండకు ఇవతలి వైపు ఆ గాలి సుళ్లు తిరుగుతుంది, చిన్న విమానాన్ని కిందికి తొక్కేస్తుంది. పుస్తకంలో బొమ్మ చూస్తే అర్థమైనట్టే ఉంటుంది. జులైలో ఆ గట్టు మీద నిలబడితే నీళ్ల మీద ఒక చోట అలలు ఇటు, యాభై గజాల అవతల అటు పరిగెడుతుంటాయి. అప్పుడు గానీ నాకు బుర్రకెక్కలేదు. బోటు షికారు కోసం వెళ్లేవాళ్లకు శీతాకాలం మేలు. నాలాంటివాళ్లకు వానాకాలం.

శ్రీకాకుళంలో బస సంగతి. రైల్లో వచ్చేవాళ్లు దిగాల్సింది శ్రీకాకుళం రోడ్‌లో, అంటే ఆమదాలవలసలో. అక్కడి నుంచి టౌనుకు పదమూడు కిలోమీటర్ల దాకా ఉంటుంది, రాత్రి పూట ఆటోవాడు చెప్పిందే రేటు. మేం మొదట ఆర్టీసీ కాంప్లెక్స్ దగ్గర ఓ లాడ్జిలో దిగాం. గది బాగానే ఉంది, కానీ తెల్లవారుజామున నాలుగింటికి బయల్దేరాలని ముందే చెప్పినా గేటుకి తాళం, వాచ్‌మన్ గాఢనిద్ర. వేడినీళ్లు ఆరు తర్వాతేనట. గాలి చూడ్డానికి వెళ్లేవాడికి ఆరు అంటే సగం రోజు పోయినట్టే. మర్నాడు ఏడు రోడ్ల జంక్షన్ వైపు ఇంకోదానికి మారాం. గది చిన్నది, అద్దె కాస్త ఎక్కువ, కానీ రిసెప్షన్‌లో రాత్రంతా మనిషి ఉంటాడు. మీరు అరసవల్లి, శ్రీకూర్మం దర్శనాలకే వస్తే మొదటి రకం చాలు. ఆదివారాలు, ముఖ్యంగా రథసప్తమి రోజుల్లో అరసవల్లి జనంతో గదులు దొరకవు, ముందే మాట్లాడుకోండి.

కళింగపట్నానికి మాత్రం రెండు పూటలు కేటాయించండి. వాయుగుండం వార్తల్లో ఈ పేరు వినని తెలుగువాడు ఉండడు. వాతావరణ శాఖ కేంద్రం ఇక్కడ ఉంది. 2021 సెప్టెంబరులో గులాబ్ తుఫాను ఈ దగ్గర్లోనే తీరం దాటింది. వంశధార సముద్రంలో కలిసే చోటు, లైట్‌హౌస్, తీరం పొడవునా సరుగుడు తోటలు: పైనుంచి దారి వెతుక్కునేవాడికి ఇంతకన్నా గుర్తులు అక్కర్లేదు. మేం చీకటి ఉండగానే చేరి, కర్రకు ఓ రిబ్బన్ కట్టి ఇసుకలో పాతాం. తెల్లవారుజామున రిబ్బన్ సముద్రం వైపు ఊగుతోంది, నేల చల్లబడి గాలి ఇటు నుంచి అటు పోతోంది. ఎనిమిది దాటాక చచ్చుబడి వేలాడింది. పది దాటిన కాసేపటికి ఒక్కసారిగా మనవైపు తిరిగింది. నేల వేడెక్కి, దాని మీది గాలి పైకి లేచి, ఆ ఖాళీలోకి సముద్రపు గాలి దూరుతుంది. ఈ రెండు గాలులూ తగిలే చోట కుదుపులు ఉంటాయి. రన్‌వే తీరానికి దగ్గరుంటే పొద్దున ఎగిరిన దిక్కులోనే పదకొండింటికి దిగబోతే వెనక నుంచి తోసే తోకగాలి అవుతుంది, ఉన్న రన్‌వే చాలదు.

వల సర్దుకుంటున్న పెద్దాయన ఒకరు చాలాసేపు చూసి, "ఏటి బాబూ, గాలిపటమా?" అన్నారు. విషయం చెబితే నవ్వి, "దానికి రిబ్బనెందుకు, మా తాత తెరచాప ఏసీసి పొద్దున గాలికి ఎల్లిపోయేవోడు, మద్దేనం గాలికి వొచ్చీసేవోడు" అన్నారు. ఇప్పుడు అందరికీ ఇంజన్లే. నా పుస్తకంలో నాలుగు పేజీల పాఠాన్ని ఆయన ఒక్క వాక్యంలో తేల్చేశారు. బీచ్ దగ్గర బండి మీద ఇడ్లీ దొరికింది, చట్నీ బాగుంది. చేపల కూర భోజనం కావాలంటే ముందుగా చెప్పి వండించుకోవాలి.

అక్కడి నుంచి శాలిహుండం దగ్గరే, వంశధార దక్షిణపు ఒడ్డున కొండ. 1919లో గిడుగు రామమూర్తి పంతులు గారు వెలుగులోకి తెచ్చిన బౌద్ధ క్షేత్రం. స్తూపాలు, చైత్యాల పునాదులు మెట్లు ఎక్కుతూ చూడొచ్చు. చరిత్ర మీద ఆసక్తి ఉన్నవాళ్లకు పూటంతా సరిపోతుంది. నాకు మాత్రం ఆ కొండ మీద నుంచి కనిపించే పొలాలే పని కల్పించాయి. ఇంజన్ ఆగిపోతే ఎక్కడ దిగాలి అన్నది పైలట్‌కి ఎప్పుడూ తలలో తిరగాల్సిన ప్రశ్న. ఒక అడుగు ఎత్తు పోతే ఎనిమిది అడుగులు ముందుకు సాగే విమానం అనుకుందాం. గాలి లేనప్పుడు వెయ్యి అడుగుల ఎత్తు నుంచి ఎనిమిది వేల అడుగులు, అంటే సుమారు రెండున్నర కిలోమీటర్లు. అందులోనే పొలం ఎంచుకోవాలి, గాలికి ఎదురు తిరగాలి, కరెంటు తీగలు తప్పించుకోవాలి. వరి ఎదుగుతున్నప్పుడు పొలంలో నీళ్లు, బురద. చక్రం దిగబడితే విమానం ముక్కు మీద పడుతుంది. కోతలయ్యాక నేల గట్టిపడుతుంది గానీ గట్లు మిగులుతాయి. గట్టుకు సమాంతరంగా దిగాలి, అడ్డంగా కాదు. ఉద్దానం వైపు కొబ్బరి, జీడి తోటలు, దిగే చోటే కనపడదు. అలాంటి చోట ఆటు సమయంలో తడిసి గట్టిపడిన ఇసుకే దిక్కు.

నేను ఇలా ఒక్కో పొలాన్నీ చూసి గట్టు ఎటుంది, తీగలు ఎటున్నాయి అంటుంటే మా వాడికి విసుగొచ్చింది. "బావా, నువ్వు ఇమానాల కోసం వొచ్చావా, పొలాలు కొనడానికి వొచ్చావా? సెప్పు, బ్రోకర్ని పిలిసీస్తాను" అన్నాడు.

టెక్కలి మండలం తేలినీలాపురం పక్షుల కోసం అందరూ వెళ్తారు. సెప్టెంబరు నుంచి మార్చి దాకా గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు ఊళ్లోని చెట్ల మీదే గూళ్లు కడతాయి, ఊరివాళ్లు వాటిని ఇంటి ఆడపడుచుల్లా చూసుకుంటారు. గూడబాతు బరువు నాలుగైదు కిలోలు ఉంటుంది. అవి రెక్కలు కొట్టకుండా వేడిగాలి పట్టుకుని గుండ్రంగా పైకి లేస్తాయి, సరిగ్గా మనం ఎగిరే ఎత్తుల్లోకి. పొద్దున తొమ్మిది తర్వాత అవి ఎక్కడ లేస్తున్నాయో చూస్తే వేడిగాలి స్తంభం ఎక్కడుందో తెలిసిపోతుంది, దూరం జరగాల్సిందీ అక్కడి నుంచే. బైనాక్యులర్స్ తీసుకెళ్లండి. బారువ బీచ్ కూడా చూశాం. మహేంద్రతనయ కలిసే చోటు అందంగా ఉంది. గాలి చదువుకైతే కళింగపట్నం తర్వాత అంత దూరం వెళ్లనక్కర్లేదు.

ఇక డబ్బులు పోసి గంటలు కొనే చోటు. విజయనగరం నుంచి ప్రశాంతి ఎక్స్‌ప్రెస్ యలహంక మీదుగానే బెంగళూరు వెళ్తుంది, దాదాపు ఒక పగలూ ఒక రాత్రీ ప్రయాణం. విశాఖ నుంచి విమానంలో గంటన్నర. నేను వెళ్లేటప్పుడు రైలు, వచ్చేటప్పుడు విమానం ఎంచుకుంటాను. వెళ్లేటప్పుడు నిద్ర కావాలి, వచ్చేటప్పుడు ఆఫీసు టెన్షన్. బస హోటల్లో వద్దు. జక్కూరు, యలహంక వైపు పీజీలో వారానికి మాట్లాడుకుంటే చవక, మనవాళ్ల వంట కూడా దొరుకుతుంది. అన్నిటికన్నా ముఖ్యం, తెల్లారేసరికి ఎయిర్‌ఫీల్డ్ గేటు దగ్గర ఉండొచ్చు.

జక్కూరు ఎయిర్‌ఫీల్డ్ సముద్రమట్టానికి దాదాపు మూడు వేల అడుగుల ఎత్తులో ఉంది. గాలి పలచన, ఇంజన్‌కి బలం తగ్గుతుంది, టేకాఫ్‌కి ఎక్కువ దూరం పరిగెత్తాలి. అక్కడ నేర్చుకున్నవాడికి సముద్రం ఒడ్డున విమానం హుషారుగా లేచినట్టు ఉంటుందట. పక్కనే యలహంక ఎయిర్‌ఫోర్స్ స్టేషన్, కాస్త దూరంలో కెంపేగౌడ విమానాశ్రయం, అందుకే మనకు మిగిలే ఆకాశం తక్కువ. గీత దాటకుండా ఎగరడం కూడా చదువే. బేసి సంవత్సరాల ఫిబ్రవరిలో యలహంకలో ఏరో ఇండియా విమాన ప్రదర్శన జరుగుతుంది, ఆ రోజులు చూసుకోకుండా టికెట్ కొనకండి.

ఒక సంస్థలో స్లాట్ ఖాయం అని చెప్పి, నేను అంత దూరం వెళ్లాక విమానం మెయింటెనెన్స్‌లో ఉందన్నారు. కట్టిన డబ్బు మరో తేదీకి మార్చారు గానీ రైలు, పీజీ ఖర్చు ఎవరిస్తారు? అప్పటి నుంచి డబ్బు కట్టే ముందు ఈ సంగతులు తేల్చుకుంటున్నాను. గంట లెక్క ఇంజన్ స్టార్ట్ చేసినప్పటి నుంచా, గాల్లోకి లేచినప్పటి నుంచా? వాతావరణం బాగోక ఆగితే డబ్బు వెనక్కి వస్తుందా? ఇన్‌స్ట్రక్టర్ లేకుండా సోలోగా అద్దెకు తీసుకుంటే ఇన్సూరెన్స్ నాకు వర్తిస్తుందా? రెండో విమానం ఉందా? ఈ చివరి ప్రశ్నకు తడబడిన చోటికి వెళ్లను. గంటలన్నీ సర్క్యూట్లకే, అంటే రన్‌వే చుట్టూ తిరిగి దిగడానికే, ఖర్చు పెట్టడం కూడా నాకు నచ్చదు. కొత్త చోటికి వెళ్లి దిగిన గంట, అదే రన్‌వే చుట్టూ తిరిగిన గంట లాగ్‌బుక్‌లో ఒకే అంకె, నేర్పేది మాత్రం ఒకటి కాదు. క్రాస్‌కంట్రీకి, అంటే ఊరు దాటి వెళ్లే ప్రయాణానికి, ఇన్‌స్ట్రక్టర్ ఫీజు అదనంగా పడినా మొహమాటపడకుండా అడగండి.

జనవరిలో వెళ్తున్నాను. పొద్దున మంచు వల్ల ఆలస్యాలు ఉంటాయి గానీ గాలి నిమ్మళం. బావమరిది కూడా వస్తానంటున్నాడు, ఇన్‌స్ట్రక్టర్ పక్కన కూర్చుని ఓ చక్కరు కొట్టాలట. వాడి బరువు తొంభై. ఖాళీ విమానం సుమారు 270 కిలోలు, ఇన్‌స్ట్రక్టర్ గారు 75. మిగిలిన 15 కిలోల్లో ఇరవై లీటర్ల పెట్రోలు పడుతుంది, అవసరానికి ముట్టుకోకుండా ఉంచే రిజర్వు తీసేస్తే అరగంట తిరగొచ్చు. నరసన్నపేటలో ఇప్పటి నుంచే రాత్రి పూట అన్నం మానేశానంటున్నాడు, నమ్మకం లేదు.