గర్భసంచి గడ్డలకు ‘ప్యాకేజీ’ ఆపరేషన్ అంటున్నారా? సంతకం పెట్టే ముందు ఆగండి

నలభై అయిదు దాటాక స్కానింగ్‌లో ఫైబ్రాయిడ్లు (గర్భసంచిలో పెరిగే గడ్డలు) ఉన్నాయని తేలినవాళ్లూ, వాళ్ల ఇంట్లోవాళ్లూ దయచేసి ఇది చదవండి. గుంటూరులో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో మా అక్కకు జరిగింది ఇంకొకరికి జరగకూడదు.

అక్కకు 47. ఒక నెల ముట్టు తప్పడం, మరుసటి నెల ఆగకుండా బ్లీడింగ్. ఊళ్లో ఆర్‌ఎంపీ చెప్పిన ఆసుపత్రికే బావగారు తీసుకెళ్లారు. నాలుగు సెంటీమీటర్ల గడ్డ ఒకటి కనపడింది. మందుల ఊసే లేదు. “పిల్లలు పెద్దవాళ్లయ్యారు కదమ్మా, ఆ సంచితో ఇంకేం పని? ఉంచితే క్యాన్సర్ అవుతుంది. ఈ వారంలో చేరితే ప్యాకేజీలో తగ్గిస్తాం” అన్నారు. క్యాన్సర్ అన్నాక ఇంకెవరు ఆగుతారు? గొలుసు తాకట్టు పెట్టి చేరిపోయారు.

డిశ్చార్జి కాగితాలు చూస్తే గర్భసంచితో పాటు రెండు అండాశయాలూ తీసేసినట్టు ఉంది. ఆ సంగతి ఇంట్లో ఒక్కరికీ నోటితో చెప్పలేదు. ఇంగ్లీషులో ముందే అచ్చేసి ఉంచిన ఫారంలో ఒక లైను, అడుగున అక్క తెలుగు సంతకం. బయాప్సీ రిపోర్టు తర్వాత వచ్చింది: మామూలు ఫైబ్రాయిడ్, క్యాన్సర్ లేదు, అండాశయాలు రెండూ బాగానే ఉన్నాయి. బాగున్నవాటిని ఎందుకు తీశారని అడిగితే “ముందుజాగ్రత్త” అన్నారు. అక్కకు ఇప్పుడు ఒంట్లోంచి ఆవిర్లు, రాత్రిళ్లు జాకెట్టు తడిసిపోయేంత చెమటలు, నిద్ర లేదు.

ఫైబ్రాయిడ్ పెరిగేది ఈస్ట్రోజన్ హార్మోను వల్ల. ముట్లు ఆగిపోయాక ఆ హార్మోను పడిపోతుంది, గడ్డలు చాలామందిలో వాటంతట అవే కుంచించుకుపోతాయి. అవి క్యాన్సర్ కావడం చాలా అరుదు. అందుకే ఈ వయసులో పెద్దగా ఇబ్బంది లేకపోతే అప్పుడప్పుడు స్కానింగ్ చేయించుకుంటూ కనిపెట్టుకుని ఉండటం కూడా వైద్యమే. బ్లీడింగ్ ఎక్కువైతే ట్రానెగ్జామిక్ యాసిడ్ మాత్రలున్నాయి, గర్భసంచిలో పెట్టే హార్మోను లూప్ ఉంది, గడ్డకు రక్తం అందకుండా చేసే ఎంబొలైజేషన్ ఉంది. అందరికీ అన్నీ సరిపడవు. కానీ మా అక్కకు వీటిలో ఒక్క పేరు కూడా చెప్పలేదు, నా కోపమంతా అదే.

2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15-49 ఏళ్ల ఆడవాళ్లలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశం మొత్తం మీద 3 శాతం చిల్లర ఉంటే, ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు 9 శాతం, తెలంగాణలో 8కి దగ్గర. మన ఆడవాళ్లకే ఇన్ని జబ్బులా? అనవసరపు ఆపరేషన్లను ఆపే కేంద్ర మార్గదర్శకాలను మూడు నెలల్లో అమలు చేయాలని సుప్రీంకోర్టు 2023లో రాష్ట్రాలన్నిటికీ చెప్పింది.

ఆపరేషనే వద్దని అనడం లేదు. గడ్డ బాగా పెద్దదై మూత్రసంచిని నొక్కుతున్నా, మందులకు బ్లీడింగ్ లొంగక రక్తం తగ్గిపోతున్నా అదే సరైన దారి కావచ్చు. కానీ స్కానింగ్ కాగితం తీసుకుని, ఆ ఆసుపత్రితో సంబంధం లేని ఇంకో గైనకాలజిస్టుకు చూపించండి. ఈ వయసు బ్లీడింగ్‌కు గర్భసంచి లోపలి పొర బయాప్సీ (చిన్న ముక్క తీసి చేసే పరీక్ష) అవసరమా అని అడగండి. ఆపరేషన్ తప్పదంటే, అండాశయాలు ఉంచుతారా తీస్తారా, తీస్తే ఎందుకో తెలుగులో చెప్పించుకుని, ఫారం చదివించుకున్నాకే సంతకం పెట్టండి. ప్యాకేజీ గడువు చూసి టెన్షన్ పడొద్దు.

ఒక్క విషయంలో మాత్రం ఆలస్యం వద్దు. ముట్లు ఆగి ఏడాది దాటాక చుక్క రక్తం కనపడినా, గడ్డ పెరుగుతున్నా వెంటనే డాక్టరుకు చూపించుకోవాలి. ముట్లు ఆగకముందే అండాశయాలు తీసేసినవాళ్లకు ఎముకలు త్వరగా గుల్లబారతాయి, గుండెజబ్బు ముప్పూ పెరుగుతుంది. మీ ఇంట్లో అలాంటివాళ్లుంటే హార్మోను మందులు, ఎముకల పరీక్ష గురించి డాక్టరును అడగండి. అక్కకు మేమిప్పుడు చేయిస్తున్నది అదే.