ఎంఎస్‌ఐ ఆఫ్టర్‌బర్నర్: ఫ్యాను గోల తగ్గింది

2021లో మా మిర్యాలగూడ ఇంట్లో ఆర్‌టీఎక్స్ 3060 టీఐ గ్రాఫిక్స్ కార్డుతో ఈథర్ మైనింగ్ (కంప్యూటర్‌తో లెక్కలు చేయించి ఈథర్ అనే క్రిప్టో కరెన్సీ సంపాదించడం) పెట్టాను. కార్డు 200 వాట్లు లాగేది. మే నెలలో ఆ గదిలో వడియాలు ఎండబెట్టుకోవచ్చని అమ్మ వెటకారం.

గ్రాఫిక్స్ కార్డు వేగం, వోల్టేజీ మార్చుకునే సాఫ్ట్‌వేర్ ఈ ఆఫ్టర్‌బర్నర్, ఉచితమే. కంట్రోల్, ఎఫ్ కలిపి నొక్కితే ఏ వేగానికి ఎంత వోల్టేజీ అని చూపే గీత తెరుచుకుంటుంది. నేను అత్యాశకు పోయి క్లాక్ (చిప్ వేగం) తగ్గించకుండా వోల్టేజీ ఒక్కసారే దించేశా, తెల్లారేసరికి సిస్టమ్ బిగుసుకుపోయింది. తర్వాత కొంచెం కొంచెంగా సర్దుకుంటూ 130 వాట్ల దగ్గర నిలబెట్టా, ఫ్యాను గోలా తగ్గింది. ఈథర్‌కి మెమరీ వేగమే ముఖ్యం కాబట్టి హ్యాష్‌రేటు (మైనింగ్ లెక్కల వేగం) దాదాపు తగ్గలేదు. రోజుకు యూనిటున్నర పైనే కరెంటు మిగిలింది.

విండోస్‌తో పాటు సెట్టింగు లోడయ్యే బటన్ నొక్కడం మాత్రం మరవొద్దు. కరెంటు పోయి వచ్చిందంటే మళ్లీ 200 వాట్లే! ఆఫ్టర్‌బర్నర్ స్క్రీన్ కూడా గందరగోళమే.

2022 సెప్టెంబరులో ఈథరియం మైనింగ్ ఆగిపోయింది. ఇప్పుడు ఆ కార్డు మీద తమ్ముడు గేములాడుతున్నాడు.