వాన తగిలాక కుడివైపు మసకబారిన బైనాక్యులర్

ఎనిమిది రెట్లు పెద్దగా చూపించే ఈ బైనాక్యులర్ మీద నా కోపమంతా ఒక్కదానికే: అద్దాల లోపలివైపు పట్టే ఆవిరి. పెట్టె మీద మాత్రం ‘వాటర్‌ప్రూఫ్’ అని పెద్ద అక్షరాలు.

కొన్న కొత్తలో చలికాలమంతా స్వర్ణముఖి గట్టున, చంద్రగిరి వైపు వరికయ్యల్లో మెడలోంచి తియ్యకుండా తిరిగాను. కరెంటు తీగ మీది పాలపిట్ట గొంతు కింద సన్నటి తెల్లగీతలు కూడా తెలిసేవి. కళ్లజోడు తియ్యకుండానే బొమ్మ నిండుగా కనిపించేది.

మన తిరుపతి వైపు చెరువులు నిండేది ఈశాన్య రుతుపవనాల వానలకే. బాతులు కావాలంటే తడి తప్పదు. ఒక డిసెంబరులో దారిలో కాసేపు చినుకులు పడ్డాయి, అంతే. మర్నాడు తెల్లవారి రాయలచెరువు కట్ట మీద నిలబడ్డాను. 2021 నవంబరు వరదల్లో తెగుతుందేమోనని అందరినీ హడలెత్తించిన కట్టే అది. నీళ్ల మీద సూదితోక బాతుల గుంపు. ఇంతలో మార్ష్ హారియర్ గద్ద తక్కువ ఎత్తులో వచ్చింది, గుంపంతా ఒక్కసారి లేచింది. బైనాక్యులర్ ఎత్తితే కుడివైపంతా తెల్లటి మసక! పైనుంచి ఎంత తుడిచినా పోదే. గొర్రెలు తోలుకుపోతున్న పెద్దాయన ఆగి, “ఏంది సామీ, అద్దానికి చెమట పట్టిందా?” అన్నాడు. ఎడమకన్నుతో వెతికేసరికి బాతులు అవతలి గట్టుకు చేరిపోయాయి.

ఇలాంటివాటిలో నైట్రోజన్ నింపి రబ్బరు రింగులతో బిగిస్తారు. రింగు వదులైతే తేమగాలి లోపలికి చేరి, చల్లబడిన అద్దానికి పడుతుంది. ఎండెక్కాక దానంతటదే పోతుంది. కానీ పిట్టలు చూసే వేళ అదా? సర్వీసుకు పంపితే, “మీరే నీళ్లలో ముంచారు, వారంటీ రాదు” అని తిప్పి పంపారు. చినుకులకు, మునగడానికి తేడా లేదా!

ఎనిమిది రెట్లు చాలని అందరికీ చెబుతూ వచ్చాను. కయ్యల్లో ఇప్పటికీ అదే మాట. చెరువు నిండుగా ఉన్నప్పుడు మాత్రం నడిమధ్యలో ఉన్నది ఏ బాతో తేలదు, స్టాండు మీద పెట్టి, ఇంకా దగ్గరగా చూసే స్కోప్ ఉండాల్సిందే.

నేను కళ్లజోడు పెట్టుకుని బండి మీద తిరిగే మనిషిని, అందుకే ఇంకా దీన్నే మోస్తున్నాను. ఫిబ్రవరి ఎండపొద్దుల్లో పాలపిట్టలు, పసిరికపిట్టలు చూసేవాళ్లయితే తీసుకోవచ్చు. నవంబరు, డిసెంబరు చెరువుల కోసమే అయితే, విప్పి బాగుచేసేవాళ్లు మీ ఊళ్లో ఉన్నారో లేదో ముందు కనుక్కోండి. తిరుపతిలో నాకైతే దొరకలేదు.